ఆసరా ఇచ్చినా మాట రాకపోతే: అల్జైమర్స్ తొలిదశ పరీక్షలు, స్కాన్లు – నా అనుభవం

మెమరీ క్లినిక్‌లో పరీక్షకు కూర్చోబెట్టే ముందు నేను అడిగే మొదటి మాట ‘దగ్గరి చూపు కళ్ళజోడు తెచ్చుకున్నారా?’ రెండోది చెవి మిషన్ గురించి. మిషన్ కొనుక్కుని కూడా, ఆసుపత్రిలో ఎక్కడ పోతుందోనని బీరువాలో పెట్టి వచ్చేవాళ్ళు చాలామంది. సరిగా వినపడని మాట బుర్రలోకి చేరనే చేరదు. చేరని మాటను అరగంట తర్వాత చెప్పలేకపోతే దాన్ని మరుపు అనలేం. కానీ మార్కుల కాగితం మీద అది అచ్చం మరుపులాగే కనపడుతుంది. అందుకే ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఈ రెండూ లేకపోతే పరీక్ష ఇంకో రోజుకు మార్చడమే మేలు. చెవిలో గుబిలి పేరుకుని ఉందేమో కూడా ముందే చూపించుకోవాలి. ఐదు నిమిషాల పని అది.

అల్జైమర్స్ తొలిదశ అనుమానంతో వచ్చినవాళ్ళకు మాటలతో, బొమ్మలతో పరీక్షలు చేయడం, ఆ ఫలితాన్ని న్యూరాలజిస్టు, రేడియాలజిస్టులతో కూర్చుని స్కాన్లతో సరిపోల్చుకోవడం నా పని. ఈ దారిలో ఏం జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను. పరీక్షలో అడిగే అసలు మాటలు, చిరునామాలు మాత్రం రాయను. పిల్లలు మంచి ఉద్దేశంతోనే ఇంట్లో బట్టీ పట్టించి తీసుకొస్తుంటారు. అలా వచ్చిన మనిషికి ఆ పరీక్ష ఇక పనికిరాదు.

వాడుతున్న మందులన్నీ సంచీలో వేసుకుని రమ్మంటాం. ప్రిస్క్రిప్షన్ ఒక్కటే తెస్తే చాలదు, అందులో లేని మందులే ఎక్కువ తంటా పెడతాయి. జలుబుకీ దురదకీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్, మాటిమాటికీ మూత్రం రాకుండా ఆక్సీబ్యుటినిన్. ఇవన్నీ మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. అల్జైమర్స్‌లో తరిగిపోయేదీ ఆ రసాయనమే. ఏళ్ళ తరబడి రాత్రిపూట వేసుకునే అల్ప్రాజోలామ్ ఇంకో దారిలో జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుంది. వీటిని ఇంట్లోవాళ్ళు సొంతంగా ఆపకూడదు. నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. డాక్టరే మెల్లగా తగ్గించి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు పరీక్ష పెట్టిస్తారు. రక్తపరీక్షల్లో బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్, కిడ్నీ, లివర్ చూస్తారు. ఏళ్ళుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతూ శాకాహారం తినేవాళ్ళకు బీ12 తగ్గి ఉండడం మామూలే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఈమధ్యే అయిన ఆపరేషన్ – వీటిలో ఏది ఉన్నా పరీక్ష వాయిదా.

పరీక్షకంటే ముందు తోడొచ్చినవాళ్ళతో విడిగా ఓ ఇరవై నిమిషాలు మాట్లాడతాం. మామగారి ఎదురుగా కోడలు నోరు విప్పలేదు, భర్త పరువు పోతుందని భార్య సర్ది చెబుతుంది. ‘మతిమరుపు ఉందా?’ అని అడిగితే వచ్చే జవాబుతో పని జరగదు. ‘ఏడాది కిందట చేసి, ఇప్పుడు చేయలేకపోతున్న పని ఒకటి చెప్పండి’ అని అడగాలి. అప్పుడు అసలు సంగతులు బయటికొస్తాయి. పాలవాడికి డబ్బులు రెండుసార్లు ఇచ్చారు. చింతపండు నానబెట్టింది మరిచి ఇంకో గిన్నెలో మళ్ళీ నానబెట్టారు. బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ తెలియక రెండోది వేసుకున్నారు. బ్యాంకు పాసుబుక్కు లెక్క కొడుక్కి అప్పజెప్పేశారు.

డిమెన్షియా, అంటే రోజువారీ పనులను చెడగొట్టే మతిమరుపు, ఎంత ముదిరిందో తేల్చే సీడీఆర్ అనే అంచనా పద్ధతి ఈ సంభాషణ మీదే నడుస్తుంది. జ్ఞాపకం, కాలం–చోటు తెలియడం, మంచిచెడ్డలు తేల్చుకోవడం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత శుభ్రత – ఈ ఆరింటికీ విడివిడిగా 0, 0.5, 1, 2, 3 వేస్తాం (సొంత శుభ్రతకు మాత్రం 0.5 లేదు). తొలిదశ అంటే మొత్తం మీద 0.5 లేదా 1. ఇందులో ఒక ప్రశ్న నాకు అన్నిటికంటే విలువైనది. గత వారంలో ఆ మనిషి కూడా ఉండగా జరిగిన సంగతి ఒకటి కూతురినో భార్యనో అడిగి, వివరాలన్నీ రాసుకుంటాం. మనవరాలి నిశ్చితార్థం అనుకోండి. ఎక్కడ జరిగింది, ఎలా వెళ్ళారు, పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, ఇంటికి తిరిగొచ్చేసరికి ఎంతైంది. తర్వాత ఆ పెద్దాయన్ని అడుగుతాం. ‘ఆ, బ్రహ్మాండంగా జరిగిందమ్మా, చుట్టాలంతా వచ్చారు’ అంటారు నవ్వుతూ. వినడానికి ఏ లోటూ లేదు. కానీ ఆ మాట ఏ నిశ్చితార్థానికైనా సరిపోతుంది. ‘ఎక్కడ జరిగిందండీ?’ అనగానే తల పక్కకి తిరుగుతుంది, భార్య కూర్చున్న కుర్చీ వైపు. ఆమె బయట ఉన్నా ఆ వైపే చూస్తారు. ఇలా జవాబు కోసం తల తిప్పి చూడడాన్ని మేం ఒక గుర్తుగా రాసుకుంటాం.

గదిలో గోడ క్యాలెండరు, గడియారం తీసేస్తాం. ఆనాటి పేపరు బల్ల మీద ఉండకూడదు. చేతి గడియారం కూడా తీసి పక్కన పెట్టమంటాను, గడియారం బొమ్మ గీసేటప్పుడు దాన్ని చూసి గీసేస్తారు. ఫోన్లు బయట. ఉదయం, టిఫిన్ అయ్యాక, తొమ్మిది–పదకొండు మధ్య చేస్తే మంచిది. మొత్తం గంటన్నర పట్టొచ్చు, మధ్యలో ఒకసారి మంచినీళ్ళు, బాత్రూమ్. పరీక్ష నడుస్తున్నంతసేపూ ‘శభాష్’ అనను, ‘అయ్యో తప్పు’ అనను. ‘బాగా ప్రయత్నిస్తున్నారు, తర్వాతది చూద్దాం’ అంటాను.

కాలం, చోటు ప్రశ్నల దగ్గర తెలుగునాట మాకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ‘ఇది ఏ రాష్ట్రం?’ అంటే హైదరాబాద్‌లో కూర్చుని ‘ఆంధ్రప్రదేశ్’ అంటారు కొందరు పెద్దలు. 2014 జూన్ తర్వాత అది తప్పే. అయినా అరవై ఏళ్ళు నోటికి అలవాటైన మాట కాబట్టి ఒకసారి ‘ఇప్పుడు పేరు ఏమిటి?’ అని అడిగి చూస్తాను. జిల్లా సంగతి ఇంకా కష్టం. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. జగిత్యాల మనిషి ‘కరీంనగర్ జిల్లా’ అంటే ఏం వేయాలి? మా పద్ధతి ఇది: ఊళ్ళో మామూలు మనుషులు రోజూ ఏ పేరు వాడుతున్నారో తోడొచ్చినవాళ్ళను అడిగి, దాన్ని బట్టి మార్కు వేసి, ఎందుకు వేశామో పక్కన రాస్తాం. తేదీ అడిగితే ‘శుద్ధ దశమి’ అనే అమ్మమ్మలున్నారు. పంచాంగం తీసి చూస్తే సరిగ్గా దశమే. ఆమెకు మార్కు ఇవ్వాల్సిందే. ఇంగ్లీషు తేదీతో ఆమె జీవితంలో ఎన్నడూ పనిపడలేదు.

పరీక్షల పేర్లు చాలానే వినపడతాయి. ఎంఎంఎస్ఈ 1975 నాటిది, 30 మార్కులు. బాగా చదువుకున్నవాళ్ళ తొలిదశ లోపాన్ని అది తరచూ పట్టుకోలేదు. రిటైరైన ఇంజనీరు 29 తెచ్చుకుని, ఇంటికెళ్ళే దారి తప్పొచ్చు. మోకా 2005లో మాంట్రియల్ నుంచి వచ్చింది. అదీ 30కే, కాస్త కఠినం. 26 కంటే తగ్గితే ఇంకా లోతుగా చూడాలన్నది మొదట పెట్టిన గీత. పన్నెండేళ్ళు లేదా అంతకు తక్కువ చదివినవాళ్ళకు ఒక మార్కు కలుపుతారు. ఏసీఈ–3 నూటికి. శ్రద్ధకు 18, జ్ఞాపకానికి 26, మాటల ధారకు 14, భాషకు 26, ఆకారాలు–స్థలాల గుర్తింపుకి 16. దీనికి 88, 82 అని చెప్పుకునే రెండు గీతలూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మీద లెక్కగట్టినవి. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి మీద ఆ గీత పెట్టి ‘డిమెన్షియా’ అని రాయడం అన్యాయం, నేను చూసినవాటిలో అతి తరచుగా జరిగే తప్పు కూడా అదే. ఏసీఈ పాత రూపాన్ని హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం తెలుగుకి అనువుగా మలిచి వాడింది. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షల పెట్టె మొదట వచ్చిన ఐదు భాషల్లో తెలుగు ఒకటి. అలా తెలుగువాళ్ళ మీద ప్రయత్నించి చూసిన పరీక్షలే వాడాలి. ఇంగ్లీషు కాగితం చేతిలో పట్టుకుని అప్పటికప్పుడు నోటితో అనువదిస్తూ పోతే అది పరీక్ష కాదు. ఒక్కో పదం ఒక్కో రోజు ఒక్కోలా మారిపోతుంది.

ఏ భాషలో పెట్టాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడిన మనిషిని ‘లెక్కలు ఏ భాషలో వేసుకుంటారు? కోపం వస్తే ఏ భాషలో తిడతారు?’ అని అడిగితే దారి దొరుకుతుంది. ఇదే నిమ్స్ బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనపడింది. అమెరికాలో పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రుల విషయంలో ఒక మాట. కొడుకునో కోడలినో దుబాసీగా పెట్టి పరీక్ష చేయించవద్దు. ‘అమ్మ చెప్పింది దాదాపు అదే’ అంటూ తెలియకుండానే సర్దేస్తారు. తెలుగు తెలిసిన, ఇంటికి సంబంధం లేని దుబాసీని అడగండి.

ఇక అసలు పరీక్ష. నా దృష్టిలో మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. పదిహేను మాటల జాబితాను సెకనుకు ఒకటి చొప్పున చదువుతాను. గుర్తున్నవి చెప్పమంటాను. ఇలా అదే జాబితా ఐదుసార్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ప్రతిసారీ కొన్ని కలుపుకుంటూ పైకి పోతారు. తర్వాత వేరే జాబితా ఒకటి చదివి, వెంటనే మళ్ళీ మొదటి జాబితా అడుగుతాను. ఆపైన ఇరవై నుంచి ముప్పై నిమిషాలు విరామం. ఈ విరామంలో మాటలతో పనిలేని బొమ్మలు గీయడం, గీతలు కలపడం లాంటివే పెట్టాలి. కొత్తగా పరీక్షలు చేసేవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. సమయం కలిసొస్తుందని మధ్యలో ఇంకో మాటల పరీక్ష పెట్టేస్తారు, ఆ మాటలు వచ్చి ఈ జాబితాలో కలిసిపోతాయి. విరామం అయ్యాక ముందే చెప్పకుండా ‘ఇందాకటి మాటలు ఏమిటండీ?’ అంటాను. చివరగా, జాబితాలోవీ లేనివీ కలిపి చదివి, ఏవి విన్నారో చెప్పమంటాను.

తొలిదశ అల్జైమర్స్‌లో తరచూ కనపడే వరస చూపించడానికి ఒక ఉదాహరణ: ఐదుసార్లకు 3, 4, 5, 4, 5. రెండో జాబితా తర్వాత 1. అరగంటకు సున్నా. చెప్పిన ఆ మూడు నాలుగూ కూడా జాబితా చివర్లోవే, ఇంకా చెవిలో మోగుతున్నవి. అరగంట తర్వాత అడిగితే కొందరు ‘ఏ మాటలు?’ అంటారు. జాబితా చదివారన్న సంగతే లేదు. కలిపి చదివినప్పుడు జాబితాలో లేనివాటికి కూడా ‘ఆ, విన్నాను’ అంటారు.

దిగులుతో, అంటే డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళ వరస వేరు. మెల్లగా, ‘నావల్ల కాదమ్మా’ అంటూ తక్కువే చెబుతారు. కానీ కలిపి చదివితే విన్నవాటిని సరిగ్గా పట్టుకుంటారు. మాట లోపల ఉంది, తీయడానికి ఓపిక లేదు. అల్జైమర్స్‌లో మాట లోపల నిలవనేలేదు. ఈ తేడాను ఇంకా గట్టిగా తేల్చడానికి ఆసరా ఇచ్చే పరీక్ష ఉంది. పదహారు అంశాలు. నేర్పేటప్పుడే ‘ఈ నాలుగింట్లో పండు ఏది?’ అని అడిగి చెప్పిస్తాం, తర్వాత మరిచిపోయినప్పుడు ‘పండు ఒకటి ఉంది కదా, ఏమిటది?’ అని అదే ఆసరా అందిస్తాం. మామూలు వయసు మరుపు, దిగులు, నిద్రలేమి అయితే ఆసరా అందగానే ‘ఆ, సపోటా!’ అని ముఖం వెలుగుతుంది. ఆసరా ఇచ్చినా రాకపోతే, లేదా ‘మామిడి’ అని జాబితాలో లేని పండు ఒకటి ధీమాగా చెబితే, కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగం, హిప్పోక్యాంపస్, వైపు అనుమానం బలపడుతుంది. (ఈ పండ్ల పేర్లు నేను కల్పించినవి, పరీక్షలోవి కావు.) కుటుంబాలు ‘నూటికి ఎంత?’ అని అడుగుతాయి. నేను ముందు చూసేది ఈ ఆసరా గడినే.

మాటల ధారలో ఒక్క నిమిషంలో జంతువుల పేర్లు, ఇంకో నిమిషంలో ఏదో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటాం. ‘మ’ అనగానే మన పెద్దల ప్రశ్న, ‘గుణింతాలు చెప్పొచ్చా?’ చాలా సరైన ప్రశ్న. ఇంగ్లీషులో లేని చిక్కు ఇది. మా, మి, ము, మే అన్నీ ఒప్పుకుంటారా లేదా అన్నది వాడుతున్న తెలుగు పరీక్ష నియమాన్ని బట్టి మొదటే చెప్పాలి, అందరికీ ఒకేలా చెప్పాలి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు పనికిరావని రెండుసార్లు చెప్పినా ‘మాధవరావు, మల్లేశ్వరి’ అంటూ మొదలుపెడతారు. మల్లె, మల్లెపువ్వు, మల్లెతీగ కలిపి ఒకటే లెక్క. జంతువుల్లో రైతు ఆవు, ఎద్దు, కోడెదూడ, పెయ్యదూడ, గేదె, దున్న అని ఒక్క కొట్టంలోనే ఆరు చెప్పేస్తాడు, దానికీ నియమం ముందే ఉండాలి. ప్రతి పదిహేను సెకన్లకూ గీత గీసుకుంటూ రాస్తాను. తొలిదశ అల్జైమర్స్‌లో అక్షరంతో మొదలయ్యే మాటలకంటే జంతువుల పేర్లు ముందుగా తగ్గడం, ‘కుక్క చెప్పానా?’ అంటూ చెప్పినవే మళ్ళీ చెప్పడం చూస్తాం.

గడియారం బొమ్మలో వలయం, అంకెలు బాగానే వస్తాయి. ఫలానా గంట దాటి పది నిమిషాలు పెట్టమంటే పెద్దముల్లును రెండు అంకె మీద కాక పది అంకె మీద పెడతారు. చెవిన పడిన ‘పది’ అనే మాట చేతిని లాక్కుపోతుంది. పెన్సిలు ఎన్నడూ పట్టని మనిషికి ఈ బొమ్మల పరీక్షలు పెట్టి మార్కులు కోయడం తప్పు. అలాంటివాళ్ళకు అగ్గిపుల్లలతో ఆకారం పేర్పించడం, వంద నుంచి ఏడేడు తగ్గించే బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పించడం లాంటివి చేస్తాం. అంకెలు, అక్షరాలు మార్చి మార్చి కలిపే పరీక్షను తెలుగులో ‘1–అ–2–ఆ’ అని పెడితే, అచ్చుల వరస మధ్యలో మరిచినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. ఋ దగ్గర బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఆగుతారు. అందుకని ముందు అచ్చులు నోటితో చెప్పించి, వస్తేనే పెడతాను.

ఇక్కడితో నా గది పని ముగుస్తుంది, స్కాన్ల పని మొదలవుతుంది. ఎమ్మారైకి రాసే చీటీలో ‘ఎమ్మారై బ్రెయిన్’ అని వదిలేస్తే వచ్చే రిపోర్టులో ‘వయసుకు తగ్గ క్షీణత’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. అది ఎవరికీ పనికిరాదు. మతిమరుపు అనుమానం అని రాసి, పలచటి త్రీడీ టీ1 వరస, హిప్పోక్యాంపస్ పొడవుకు అడ్డంగా తీసిన కరోనల్ ముక్కలు, ఫ్లెయిర్, డిఫ్యూజన్, ఎస్‌డబ్ల్యూఐ అడగాలి. ఇవన్నీ ఒకే ఎమ్మారైలో వేర్వేరు రకాలుగా తీసే బొమ్మల వరసలు. మామూలుగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. మొత్తం అరగంట అటూఇటూ.

మన ఆడవాళ్ళ విషయంలో లోహం తనిఖీ శ్రద్ధగా చేయాలి. మంగళసూత్రం బంగారమే, అయస్కాంతానికి అంటదు. దానికి గుత్తిగా తగిలించుకున్న పిన్నీసులు ఉక్కువి. గొలుసు తీయనంటే ముందు ఆ పిన్నీసుల సంగతి చెబితే అర్థం చేసుకుని తీస్తారు, పసుపుతాడు కట్టుకుని లోపలికి వెళతారు. జడపిన్నులు, మెట్టెలు, జాకెట్టు హుక్కులు, కాటుక, మగవాళ్ళకైతే మొలతాడుకున్న తాయెత్తు, కట్టుడు పళ్ళు, అన్నీ చూడాలి. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి క్లిప్ ఉంటే కార్డు తేకుండా లోపలికి పోకూడదు. పేషెంటుకి గుర్తుండకపోవచ్చు కాబట్టి ఆ ఫారం ఇంట్లోవాళ్ళే నింపాలి.

ఎక్కువగా చెడేది కదలిక వల్ల. మరుపున్న మనిషికి ‘అరగంట కదలొద్దు’ అన్న మాట ఐదో నిమిషానికి గుర్తుండదు. చెవి మిషన్ తీసేశారు, చెవుల్లో దూది, చుట్టూ టకటకమని మోత, ఎక్కడున్నారో తెలియదు, లేవబోతారు. బొమ్మ చెదిరిపోయి హిప్పోక్యాంపస్ అంచులే కనపడవు. అందుకని లోహం లేకుండా సిద్ధం చేసిన బంధువు ఒకరు లోపలే ఉండి కాలు పట్టుకుని కూర్చోవడం, ప్రతి వరసకూ ముందు ‘ఇంకో నాలుగు నిమిషాలు’ అని చెప్పడం, అసలైన త్రీడీ టీ1ను అన్నిటికంటే ముందు తీసేయడం – ఈ మూడూ మత్తు ఇంజెక్షన్ అవసరాన్ని చాలావరకు తప్పిస్తాయి. నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడిగి ఆ పూటకి స్కాన్ అయ్యాక వేసుకోవచ్చు. మోకాళ్ళ కింద దిండు పెట్టించండి.

బొమ్మలో మొదట చూసేది వేరే కారణాలున్నాయా అని. బాత్రూములో జారిపడి, పడ్డ సంగతే మరిచిన మనిషికి పుర్రె కింద పేరుకున్న రక్తం, నీరు నిండి ఉబ్బిన గదులు, చిన్న స్ట్రోకు, గడ్డ. ఆ తర్వాత హిప్పోక్యాంపస్. కరోనల్ ముక్కలో దాని ఎత్తు తగ్గడం, పక్కనున్న పగులు, టెంపోరల్ హార్న్ అనే నీటిగది వెడల్పవడం చూసి 0 నుంచి 4 వరకు షెల్టెన్స్ అంకె వేస్తారు, కుడిఎడమలకు విడిగా. 75 ఏళ్ళలోపు 2, ఆ పైన 3 వస్తే మామూలు కాదని సాధారణంగా తీసుకుంటారు. తెల్లపదార్థంలో మచ్చలకు ఫాజెకాస్ 0–3, వెనకభాగంలో పెరైటల్ క్షీణతకు కోడామ్ 0–3. ఎస్‌డబ్ల్యూఐలో చిన్న నల్లచుక్కల్లా కనపడే సూక్ష్మ రక్తస్రావాలు ఎన్నో లెక్కపెట్టి రాయాలి. అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను తొలగించే లెకనెమాబ్ లాంటి మందులకు ఆ లెక్క కీలకం. నాలుగుకు మించి ఉంటే సాధారణంగా ఆ మందు ఇవ్వరు, మెదడు వాపు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది కనుక. 2023 జులైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చిన ఆ మందు పరీక్షల్లో పద్దెనిమిది నెలల్లో క్షీణత వేగాన్ని 27 శాతం తగ్గించింది. పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేదు. ఇది కుటుంబాలకు మొదటే చెప్పాలి.

ఎమ్మారై మామూలుగా ఉందంటే జబ్బు లేదని కాదు. తొలిదశలో అలా ఉండొచ్చు. అప్పుడు ఎఫ్‌డీజీ పెట్ సాయపడుతుంది. మెదడు ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుకుంటోందో చూపే స్కాన్ అది. కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు. షుగర్ 200 దాటితే స్కాన్ వాయిదా వేస్తారు. రక్తంలో ఉన్న గ్లూకోజే స్కాన్ కోసం ఎక్కించే గ్లూకోజు లాంటి మందుతో పోటీపడి బొమ్మను మసకబారుస్తుంది. హడావుడిగా ఇన్సులిన్ వేసి షుగర్ దించి వెంటనే తీయడం కూడా సరికాదు. సూది గొట్టం ముందే పెట్టి, మసక వెలుతురు గదిలో పది నిమిషాలు కూర్చోబెట్టి, అప్పుడు మందు ఎక్కించి, ఇంకో అరగంట అక్కడే ఉంచుతారు. ఆ అరగంటలో మాటలొద్దు, ఫోన్ వద్దు. బిడ్డలు పక్కన కూర్చుని వీడియో కాల్ కలిపిస్తే చూపు, వినికిడి భాగాలు ఎక్కువ గ్లూకోజు లాక్కుంటాయి. అల్జైమర్స్‌లో పోస్టీరియర్ సింగ్యులేట్, ప్రీక్యూనియస్, టెంపోరల్–పెరైటల్ భాగాల్లో వాడకం తగ్గుతుంది. కదలికల పట్టీ, చూపు భాగం నిలిచి ఉంటాయి. చూపు భాగమూ తగ్గితే ల్యూయీ బాడీ జబ్బును, ముందుభాగం తగ్గితే ఫ్రంటోటెంపోరల్ జబ్బును ఆలోచిస్తారు. ఆ మందులోని రేడియోధార్మిక పదార్థం ఎఫ్‌18 సగం తరగడానికి 110 నిమిషాలు పడుతుంది కాబట్టి స్కాన్ అయిన కొన్ని గంటలు నీళ్ళు ఎక్కువ తాగి, గర్భిణులకు, పసిపిల్లలకు ఎడంగా ఉండాలి. తాతగారిని ఇంటికి తీసుకెళ్ళడానికి మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని రావద్దు.

అమిలాయిడ్ పెట్ వేరే ప్రశ్నకు, మెదడులో అమిలాయిడ్ పేరుకుందా అన్నదానికి, జవాబు. దీనికి పస్తు అక్కర్లేదు. ఫ్లోర్‌బీటాపిర్ అనే స్కాన్ మందు అయితే 10 మిల్లీక్యూరీలు ఇచ్చి సుమారు 50 నిమిషాల తర్వాత పది నిమిషాలు తీస్తారు. ఫ్లూటెమెటమోల్ అయితే 90 నిమిషాలు ఆగాలి. ఈ మందు అందరి మెదడులోనూ తెల్లపదార్థానికి అంటుకుంటుంది, అందుకే మంచి మెదడులో తెల్లపదార్థం చెట్టుకొమ్మల్లా విడిగా కనపడుతుంది. అమిలాయిడ్ ఉంటే బూడిదపదార్థం కూడా నిండి ఆ కొమ్మల మధ్య హద్దులు చెరిగిపోతాయి. స్కాన్ నెగటివ్ అయితే మతిమరుపుకి అల్జైమర్స్ కారణం కాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. పాజిటివ్ అయితే అంత సూటిగా చెప్పలేం. జ్ఞాపకం చక్కగా ఉన్నవాళ్ళలోనే యాభై ఏళ్ళప్పుడు నూటికి పదిమందిలో, తొంభై ఏళ్ళప్పుడు నలభై నలుగురిలో అమిలాయిడ్ కనపడుతుందని 2015లో వచ్చిన పెద్ద విశ్లేషణ లెక్కగట్టింది. కాబట్టి 85 ఏళ్ళ మనిషికి పాజిటివ్ వచ్చిందని నా గదిలో వచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టేయలేం. ఆ ఫలితంలో లోపం లేని మనిషికి ‘ఎందుకైనా మంచిది’ అని ఈ స్కాన్ చేయించవద్దనే నా సలహా.

మాటల పరీక్ష, స్కాన్ – ఈ రెండూ పొసగని సందర్భాలే కష్టం. ఆసరా ఇచ్చినా మాట రావడం లేదు, కానీ అమిలాయిడ్ నెగటివ్. బాగా పెద్దవయసులో లేట్ అనే వేరే జబ్బు కూడా హిప్పోక్యాంపస్‌ను ఇలాగే తింటుంది. లేదా జ్ఞాపకం బాగుంది, వస్తువు ఎదురుగా ఉన్నా కనపడదు, అంకెలు వంకరగా గీస్తారు, కంటి డాక్టరు కళ్ళు బాగున్నాయంటారు. అప్పుడు క్షీణత మెదడు వెనకభాగంలో మొదలై ఉండొచ్చు, హిప్పోక్యాంపస్ బొమ్మ బాగుందని ఊరుకోకూడదు. వెన్నునీటి పరీక్ష, టావ్ అనే ఇంకో ప్రోటీన్‌ను కొలిచే, ఇప్పుడిప్పుడే వస్తున్న పీటావ్217 రక్తపరీక్ష ఇలాంటిచోట కొంత తేల్చుకోనిస్తాయి.

ఫలితం చెప్పేటప్పుడు ముందు ఆ మనిషినే అడుగుతాను, ‘మీకు తెలుసుకోవాలని ఉందా? పక్కన ఎవరుండాలి?’ అని. పిల్లలు ముందే వచ్చి ‘నాన్నకి చెప్పొద్దండీ’ అంటారు. చాలాసార్లు నాన్నకు తనలో ఏదో జారిపోతోందని అందరికంటే ముందే తెలిసి ఉంటుంది. తొలిదశలో తన బ్యాంకు ఖాతా, వీలునామా, డ్రైవింగ్ గురించి తాను నిర్ణయించుకోగల శక్తి ఇంకా ఉంటుంది, ఆ నెలలు వృథా కానీయకూడదు.

మళ్ళీ పరీక్ష సాధారణంగా ఏడాదికి. అంతకంటే ముందు పెడితే మాటలు అలవాటై మార్కు పెరుగుతుంది. ఆరు నెలలకే తప్పదనుకుంటే జాబితా రెండో రూపం వాడాలి. అదే భాషలో, అదే పూట, వీలైతే అదే మనిషి చేయాలి. ఎమ్మారై కూడా అదే మిషన్ మీద, అదే వరసలతో తీయిస్తేనే పోల్చగలం. హిప్పోక్యాంపస్ అల్జైమర్స్‌లో ఏడాదికి సుమారు 4.7 శాతం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 1.4 శాతం తగ్గుతుందని లెక్కలున్నాయి. ఆ చిన్న తేడాను మిషన్ మార్పు ఒక్కటే మింగేయగలదు. అందుకే రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకుని, సీడీ మీద తేదీ, స్కాన్ సెంటర్ పేరు పెన్నుతో రాసి, ఆ రోజు పెట్టుకున్న కళ్ళజోడు పవర్ చీటీతో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి.